రక్షణశాఖ ఆఫీసులో చూపు తగ్గిన క్లర్కుగా నా అనుభవం

మిలిటరీ అనగానే యూనిఫాం వేసుకున్నవాళ్లే గుర్తుకొస్తారు. కంటోన్మెంట్ గేట్ల లోపల మాలాంటి సివిలియన్లు కూడా చాలామంది పనిచేస్తారు. క్లర్కులు, స్టోర్‌కీపర్లు, ఫిట్టర్లు, వంటవాళ్లు, సఫాయీ సిబ్బంది. గేటు దగ్గర తనిఖీ అందరికీ ఒక్కటే. సర్వీసు రూల్స్ మాత్రం మాకు వేరు, జవాన్లకు వేరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ తేడాను నేను పెద్దగా పట్టించుకోలేదు. చూపు పోవడం మొదలయ్యాక నా ఉద్యోగం నిలబడింది మాత్రం దాని మీదే. ఇలాంటి ఇబ్బందిలో ఉన్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు అప్పుడప్పుడూ ఫోన్ చేసి అడుగుతుంటారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

మా ఆఫీసు సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఉంది. పేరు రాయను. నేను ఎల్‌డీసీ (లోయర్ డివిజన్ క్లర్క్)గా చేరాను, జనరల్ కోటాలోనే. అప్పటికే సాయంత్రం ఆరు దాటితే నాకు దారి సరిగా కనిపించేది కాదు. రేచీకటి అనుకున్నాం. ఆకుకూరలు, క్యారెట్లు తినమని ఇంట్లో ఒకటే పోరు. అసలు జబ్బు పేరు రెటినైటిస్ పిగ్మెంటోసా అని తర్వాత తేలింది. ఇది జన్యువుల వల్ల వస్తుంది. మా అమ్మానాన్నలది మేనరికం. మసక వెలుతురులో చూడటానికి పనికొచ్చే కణాలు ముందు చచ్చిపోతాయి, అందుకే మొదట రాత్రి చూపు పోతుంది. తర్వాత పక్క చూపు తగ్గుతూ వస్తుంది. చివరికి నడిమధ్యలో కొంచెం మిగులుతుంది. అదీ ఎన్నాళ్లుంటుందో ఎవరూ చెప్పలేరు.

ఫీల్డ్ టెస్ట్ చేయించుకున్నవాళ్లకు ఈ సంగతి బాగా తెలుస్తుంది. తెల్లగా, గిన్నెలా ఉన్న మిషన్‌లోకి ముఖం పెట్టి, గడ్డం ఆనించి, మధ్యలో ఉన్న చుక్కనే చూస్తుండాలి. చుట్టూ ఎక్కడ వెలుగు మెరిసినా చేతిలో బటన్ నొక్కాలి. మిషన్ లోపల చిన్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, అంటే వెలుగులు వస్తూనే ఉన్నాయన్నమాట. నాకేమో నొక్కడానికి ఏమీ కనిపించదు. చివర్లో ప్రింట్ చేతికిచ్చారు. కాగితం నిండా నలుపే, మధ్యలో చిన్న తెల్లటి మచ్చ.

ఈ జబ్బుతో ఆఫీసులో వచ్చే అసలు కష్టం, చూసేవాళ్లు నమ్మకపోవడం. ఫైల్లో చిన్న అక్షరాలు చదివేదాన్ని, పక్కనున్న స్టూలు తట్టుకుని పడేదాన్ని. ఎదురుగా ఉన్నవాళ్లతో మాట్లాడుతూనే, పక్కనుంచి చెయ్యి చాపి కాగితం ఇస్తే అందుకునేదాన్ని కాదు. పొగరు అనుకున్నవాళ్లున్నారు. 'చదవడానికి కనిపిస్తుంది గానీ నడవడానికి కనిపించదా?' అని మొహం మీదే అడిగినవాళ్లూ ఉన్నారు. చట్టంలో మాత్రం దీనికి స్పష్టత ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, మెరుగైన కంటికి అద్దాలు పెట్టాక కూడా చూపు 3/60 కంటే తక్కువుంటే అంధత్వం. చూపు పరిధి 10 డిగ్రీల కంటే తక్కువున్నా అంధత్వమే. నాది రెండో రకం. సదరం క్యాంపులో (వైకల్యం నిర్ధారించే శిబిరంలో) పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇచ్చారు, తర్వాత వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ వచ్చింది. ఈ జబ్బు ఉన్నవాళ్లు వైకల్య పరీక్షకు వెళ్లేటప్పుడు ఫీల్డ్ టెస్ట్ రిపోర్టు తప్పకుండా తీసుకెళ్లండి. బోర్డు మీద అక్షరాలు ఒక్కటే చదివిస్తే మీ జబ్బు సగం కూడా బయటపడదు.

సర్టిఫికెట్ తీసుకుని ఆఫీస్ సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డవారు కాదు. నన్ను కూర్చోబెట్టి, నీళ్లు ఇప్పించి, నెమ్మదిగా చెప్పారు. "అమ్మా, మనది డిఫెన్స్. ఆ వికలాంగుల చట్టం మనకు వర్తించదు. మెడికల్ అన్‌ఫిట్ అని పైనుంచి రాకముందే వాలంటరీ రిటైర్మెంట్ పెట్టుకుంటే గౌరవంగా ఉంటుంది."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంటి లోను నా జీతం మీదే నడుస్తోంది.

ఆయన చెప్పింది సగమే నిజం. ఆ సగం ఏమిటో తెలుసుకోవడానికి గెజిట్ తీయించి మా ఆయన చేత చదివించుకున్నాను. 2021 ఆగస్టు 18న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. సాయుధ దళాల్లో 'కాంబాటెంట్' (యూనిఫాం వేసుకునే సైనిక) సిబ్బంది పోస్టులన్నిటికీ ఆ చట్టంలోని 20, 34 సెక్షన్ల నుంచి మినహాయింపు ఇస్తున్నట్టు అందులో ఉంది. 20వ సెక్షన్ ఉద్యోగంలో వివక్ష గురించి, 34వ సెక్షన్ రిజర్వేషన్ గురించి. మినహాయింపు కాంబాటెంట్లకు మాత్రమే. ఆ గేటు లోపల పనిచేసే సివిలియన్ క్లర్కుకు అది లేదు. కాబట్టి 20వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ నాకు పూర్తిగా వర్తిస్తుంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ఆ మనిషిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఉన్న పోస్టులో పనిచేయలేకపోతే అదే జీతంతో, అవే సర్వీసు ప్రయోజనాలతో వేరే పోస్టుకు మార్చాలి. అలాంటి పోస్టు లేకపోతే, దొరికేవరకో రిటైరయ్యేవరకో సూపర్‌న్యూమరరీ (అదనంగా సృష్టించిన) పోస్టులో ఉంచాలి.

అర్జీలో నా బాధ గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. నోటిఫికేషన్ కాపీ, సెక్షన్ కాపీ, సర్టిఫికెట్, నేను చేస్తున్న పనుల జాబితా జతచేశాను. ఆ పనుల్లో ఏవి ఇప్పటిలాగే చేయగలను, ఏవి చేయడానికి ఏ సదుపాయం కావాలి అన్నది పక్కపక్కనే రాశాను. ఇన్‌వర్డ్‌లో ఇచ్చి డైరీ నంబరు తీసుకున్నాను. ఇది చాలా ముఖ్యం. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే జవాబు వస్తుంది. డైరీ నంబరు పడ్డ కాగితానికి మాత్రం ఎవరో ఒకరు ఫైల్లో నోటింగ్ రాయక తప్పదు. ఫైలు పై హెడ్‌క్వార్టర్స్‌కి వెళ్లి, లీగల్ సెల్ చూసి, తిరిగొచ్చేసరికి ఆలస్యమైంది గానీ జవాబు స్పష్టంగా వచ్చింది. ఉద్యోగి సివిలియన్ కాబట్టి చట్టం వర్తిస్తుంది, అవసరమైన సదుపాయాలు స్థానికంగా కల్పించండి, అని.

సదుపాయాల్లో మొదటిది కంప్యూటర్. మధ్యలో మిగిలిన చూపు కూడా పోతే ఎలాగని, ముందుగానే స్క్రీన్ రీడర్ నేర్చుకున్నాను. ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చూపు తగ్గినవాళ్లకోసం ప్రత్యేకంగా పునరావాస కేంద్రం ఉంది, అక్కడ. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ తెరమీద ఉన్నదంతా పైకి చదువుతుంది. ఆస్ట్రేలియాలో చూపులేని ఒక యువకుడు 2006లో మొదలుపెట్టిన పని అది, తర్వాత చూపులేని ఇంకో యువకుడు తోడయ్యాడు. ఇప్పటికీ ఉచితమే. బయట ఆఫీసుల్లో అయితే డౌన్‌లోడ్ చేసుకుంటే సరిపోతుంది. మా దగ్గర అలా కుదరదు. కంప్యూటర్లకు ఇంటర్నెట్ ఉండదు, పెన్‌డ్రైవ్ పెట్టకూడదు, ఫోన్ గేటు దగ్గరే ఇచ్చి లోపలికి రావాలి.

ఫోన్ సంగతి కొంచెం చెప్పాలి. చూపున్నవాళ్లకు ఫోన్ లేకపోతే ఊసుపోదు, అంతే. నాకు అదే కళ్లు. ఇంట్లో ఏ కాగితమొచ్చినా ఫోన్ కెమెరా పెట్టి చదివించుకుంటాను. గేటు దాటగానే ఆ చదువు ఆగిపోతుంది. అయినా ఫోన్ లోపలికి అనుమతించమని నేను అడగలేదు, అడగను కూడా. అక్కడ ఆ రూల్ ఉండాలి. నేను అడిగిందల్లా, ఫోన్ చేసే పని చేసే సాధనం ఒకటి గేటు లోపల ఏర్పాటు చేయమని. భద్రతను వదులుకోమని అడిగినట్టు ఎక్కడా అనిపించకుండా అర్జీ రాయడం వల్లే సైబర్ సెక్యూరిటీ చూసే ఆఫీసర్ నాతో కూర్చుని మాట్లాడారని నా నమ్మకం.

ఆయన అడిగిన ప్రశ్నలు సరైనవే. ఈ సాఫ్ట్‌వేర్ బయటికి ఏమైనా పంపుతుందా? అప్‌డేట్ కోసం ఇంటర్నెట్ అడుగుతుందా? ఫైలు పైకి చదివితే పక్కవాళ్లకు వినిపించదా? ఎన్‌వీడీఏ సోర్స్ కోడ్ ఎవరైనా చూడొచ్చు, ఆఫ్‌లైన్‌లో పనిచేస్తుంది, అప్‌డేట్ ఆపేయొచ్చు. హెడ్‌ఫోన్ బ్లూటూత్‌ది కాకుండా వైరుది వాడతానన్నాను. వాళ్లే సీడీలో తెచ్చి, స్కాన్ చేసి, నా ఒక్క మిషన్‌లో ఇన్‌స్టాల్ చేశారు. సీడీ నంబరు, తేదీ, ఎవరు వేశారన్నది రిజిస్టర్‌లో ఎక్కింది. మొదటిసారి నా టేబుల్ దగ్గర ఆ గొంతు 'డెస్క్‌టాప్' అని పలికినప్పుడు నాకు ఏడుపొచ్చింది. రోజంతా తెరకు ముక్కు ఆనించి చదివిన తలనొప్పి తగ్గే రోజు వచ్చిందని.

అంతటితో అయిపోలేదు. డాక్‌లో వచ్చే ఉత్తరాల్లో చాలావరకు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లే. అవి స్క్రీన్ రీడర్‌కు ఉత్త బొమ్మలు. విండోస్ 10లో ఉన్న ఓసీఆర్‌ని (బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే సాధనాన్ని) ఎన్‌వీడీఏ వాడుకోగలదు, ఇంటర్నెట్ లేకుండానే. ఇంగ్లిష్ టైపు ఉత్తరాలకు అది సరిపోయింది. చేతిరాత నోటింగ్‌కి పనికిరాదు. మా సెక్షన్‌లో నోటింగ్ అంతా టైపు చేసే పెట్టాలని కల్నల్ సార్ ఆర్డర్ వేశారు. దీనివల్ల నాకొక్కదానికే కాదు, ఆఫీసు అంతటికీ మేలు జరిగింది. కొందరి చేతిరాత కళ్లున్నవాళ్లకే అర్థమయ్యేది కాదు.

హిందీ దగ్గర ఇంకో చిక్కు. పాత హిందీ ఉత్తరాల నమూనాలన్నీ కృతిదేవ్ ఫాంట్‌లో ఉన్నాయి. తెరమీద చక్కగా 'భారత్' అని కనిపిస్తుంది. లోపల దాచి ఉన్నవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు. నా హెడ్‌ఫోన్‌లో 'హెచ్, కే, కే, జే, ఆర్' అని వినిపిస్తుంది. పేజీ మొత్తం అంతే. ఇదేమిటని అడిగితే మొదట ఎవరికీ అర్థం కాలేదు, ఎందుకంటే వాళ్లకు తెరమీద తప్పేమీ కనిపించడం లేదు. ఒక హెడ్‌ఫోన్ హిందీ ట్రాన్స్‌లేటర్ మేడమ్ చెవిలో పెట్టి వినిపించాను. ఆవిడ వెంటనే పట్టుకుని, ఒక్కో నమూనా యూనికోడ్‌లోకి (లోపల కూడా హిందీ అక్షరాలే ఉండే పద్ధతిలోకి) మార్చుకుంటూ వచ్చారు. ఆవిడ రుణం నేను తీర్చుకోలేను.

అంతా కుదురుకుంది అనుకునేసరికి విండోస్ తీసేసి లైనక్స్ పెట్టే పని మొదలైంది. రక్షణశాఖ 'మాయా' పేరుతో ఉబుంటు అనే లైనక్స్ ఆధారంగా సొంత ఆపరేటింగ్ సిస్టమ్ తెస్తోందని 2023లో వార్తలొచ్చినప్పుడే నాకు టెన్షన్ పట్టుకుంది. కారణం, ఎన్‌వీడీఏ విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. లైనక్స్‌లో ఓర్కా అనే వేరే స్క్రీన్ రీడర్ ఉంది, ఉబుంటుతో పాటే వస్తుంది. మాకు పెట్టిన లైనక్స్‌లో మాత్రం భద్రత కోసం అక్కర్లేని ప్యాకేజీలన్నీ తీసేశారు, వాటితో పాటు ఓర్కా కూడా పోయింది. ఎవరూ కావాలని చేయలేదు. ఆ జాబితా తయారుచేసిన గదిలో స్క్రీన్ రీడర్ వాడే మనిషి ఒక్కరూ లేరు, అంతే. మళ్లీ అర్జీ, మళ్లీ డైరీ నంబరు. ఓర్కా, దానితో పాటు గొంతు ఇచ్చే ఈస్పీక్, చదివించడానికి టెసరాక్ట్ ఓసీఆర్, ఈ మూడింటినీ పేర్లతో సహా రాసిచ్చాను. ఓర్కా పెట్టేవరకు నా పాత మిషన్ ఉంచడానికి ఒప్పుకున్నారు. ఇలాంటి మార్పు ఎక్కడ జరుగుతున్నా, అది మొదలయ్యేలోపే అడగండి. అన్ని మిషన్లలో వేసే ఇమేజ్ (సాఫ్ట్‌వేర్ మూల కాపీ) ఒకసారి ఖరారైతే అందులో ఒక్క ప్యాకేజీ చేర్చడానికి కూడా పైదాకా వెళ్లాల్సి వస్తుంది.

ఇక గేటు. గేటు ముందు వాహనాలు నెమ్మదించడానికి బారికేడ్లు అటొకటి ఇటొకటి పెడతారు. పక్క చూపు లేనివాళ్లకు అవి చావు. మోకాళ్లు ఎన్నిసార్లు కొట్టుకున్నాయో. కాపలా డీఎస్‌సీ (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్) జవాన్లది. వాళ్లలో చాలామంది ఒకసారి ఆర్మీలో రిటైరై మళ్లీ వచ్చినవాళ్లు, వయసులో పెద్దవాళ్లు, ఎక్కువగా ఉత్తరాదివాళ్లు. తెల్లకర్ర మొదటిసారి తెచ్చిన రోజు మెటల్ డిటెక్టర్ మోగింది. కర్ర మడిచి, విప్పి, గొట్టంలోకి టార్చ్ వేసి చూశారు. తప్పులేదు. ఆ తర్వాత రోజూ అదే తంతు అయ్యేసరికి లైన్ మొత్తం నా వెనక ఆగిపోయేది, అది నాకు చాలా నామోషీగా ఉండేది. కర్రకు సీరియల్ నంబరు వేసి నా పాస్‌లో ఎక్కించమని అడిగాను. సుబేదార్ సాబ్ అదే రోజు చేయించారు. బారికేడ్ల పక్కన మనుషులు నడిచే దారి గోడవెంట తిన్నగా వేయించిందీ ఆయనే. "మేడమ్ జీ, ముందే చెప్పాల్సింది" అన్నారు హిందీలో.

కంటోన్మెంట్ చూసినవాళ్లకు గేరూ-చూనా తెలుసు. రోడ్డు అంచు రాళ్లకు, చెట్ల మొదళ్లకు ఎర్రమట్టి రంగు, సున్నం కొడతారు. పెద్ద ఆఫీసరెవరైనా వస్తున్నారంటే అదే పని. చాలామంది దాన్ని దండగ అంటారు. నాకు మాత్రం ఆ తెలుపు ఎరుపు అంచే రోడ్డు ఎక్కడ ముగుస్తుందో చెబుతుంది. చూపు తగ్గినవాళ్లకు రంగుల మధ్య తేడా ఎంత స్పష్టంగా ఉంటే అంత మంచిది. మా బిల్డింగ్ మెట్లు మాత్రం ఒకే బూడిదరంగు గ్రానైట్, ఎక్కడ అంచో తెలియదు. ప్రతి మెట్టు అంచుకు పసుపు పట్టీ కావాలని రాశాను. టెండరు, ఎస్టిమేట్ అంటారేమో అనుకున్నాను. కల్నల్ సార్ ఫెటీగ్ పార్టీని (శారీరక పనులకు పెట్టే జవాన్ల బృందాన్ని) పిలిచారు, మధ్యాహ్నం మొదలుపెట్టి సాయంత్రానికి గ్రౌండ్ ఫ్లోర్ నుంచి పైదాకా పట్టీలు వేసేశారు. మిలిటరీలో ఒక పని చేయాలని నిర్ణయం జరిగితే ఎంత వేగంగా అవుతుందో ఆ రోజు చూశాను. ట్యూబ్‌లైట్లకు మాత్రం భవనాలు చూసే ఎంఈఎస్ (మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్) కంప్లైంట్ రిజిస్టర్‌లో చాలాకాలం రాస్తూ పోవాల్సి వచ్చింది.

2025 మే 7న దేశమంతటా మాక్ డ్రిల్స్ జరిగాయి, సికింద్రాబాద్‌లోనూ. ఆ వారంలో మా ఆఫీసులో కూడా లైట్లు ఆర్పి ఖాళీ చేయించే అభ్యాసం పెడతామన్నారు. లైట్లు ఆరితే నాకు ఏమీ కనిపించదు. చట్టంలో 8వ సెక్షన్ ఇలాంటి ఆపద సమయాల గురించే. యుద్ధ పరిస్థితుల్లో, విపత్తుల్లో వికలాంగులకు సమాన రక్షణ ఉండాలంటుంది. ఆర్మీలో బడ్డీ అని ఇద్దరిద్దరిని జతచేసే అలవాటు ఎప్పటినుంచో ఉంది. నాకూ ఒక బడ్డీని పెట్టండి, సెలవులో ఉంటే బదులు ఎవరో కూడా రాయండి అన్నాను. పేర్లు ఫైర్ ఆర్డర్‌లోకి ఎక్కాయి.

నా పక్క టేబుల్ ఒక హవల్దార్‌ది. ఆర్మీ క్లర్క్, కాంబాటెంట్. ఈశాన్యంలో ఆర్మీ ట్రక్కు బోల్తాపడి కాలు దెబ్బతింది, లో మెడికల్ కేటగిరీలో (పూర్తి ఫిట్ కాదని తేల్చిన వర్గంలో) ఉన్నాడు. నేను చేసే పనే చేస్తాడు, అదే డాక్, అవే రిటర్నులు. నాకు 20వ సెక్షన్ ఉంది, అతనికి లేదు. అతను సర్వీసులో కొనసాగాలంటే అతనికి తగ్గ షెల్టర్డ్ అపాయింట్‌మెంట్ (అతని ఆరోగ్యానికి సరిపడే తేలికపాటి పని) ఉండాలి, యూనిట్ సిఫారసు చేయాలి, మెడికల్ బోర్డు ఒప్పుకోవాలి. బయటికి పంపేస్తే డిజేబిలిటీ పెన్షన్ ఉంటుంది నిజమే, దానికి కూడా గాయానికి సర్వీసుతో సంబంధం ఉందని, శాతం 20 అయినా ఉందని తేలాలి. కొండమీద తుపాకీ పట్టాల్సిన పోస్టుకు మినహాయింపు ఉంటే ఎవరూ కాదనరు. కుర్చీలో కూర్చుని చేసే క్లర్కు పనికి కూడా, కాంబాటెంట్ అన్న ఒక్క కారణంతో మొత్తంగా మినహాయింపు ఇవ్వడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. 1967లో మందుపాతర పేలి రెండు కాళ్లూ పోగొట్టుకున్న పంకజ్ జోషీ గారు లెఫ్టినెంట్ జనరల్ అయ్యారు, సెంట్రల్ కమాండ్‌కు అధిపతి అయ్యారు. 1971 యుద్ధంలో కాలు పోయిన ఇయాన్ కార్డోజో గారు ఆ తర్వాత బెటాలియన్‌కూ బ్రిగేడ్‌కూ నాయకత్వం వహించారు. అంటే సైన్యానికి ఇది చేతకాని పని కాదు. 2021 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు కూడా ఒక సీఆర్‌పీఎఫ్ అధికారి కేసులో, పాత పనికి తగడని తేలినా జీతం, సర్వీసు షరతులు తగ్గకుండా వేరే పోస్టు ఇవ్వాలంది, ఆయుధాలతో సంబంధం లేని పోస్టు ఇచ్చుకోవచ్చంది.

మా ఆఫీసు సమాన అవకాశాల పాలసీ రాసేటప్పుడు ఈ సంగతే ముందుకొచ్చింది. 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థ అలాంటి పాలసీ ప్రకటించాలి, సదుపాయాలేమిటో, వికలాంగ ఉద్యోగుల విషయాలు చూసే లైజన్ ఆఫీసర్ ఎవరో అందులో ఉండాలి. 23వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలి, రిజిస్టర్ పెట్టాలి, ఫిర్యాదుపై రెండు వారాల్లో విచారించాలి. డ్రాఫ్ట్ నాకు చూపించారు. ప్రతి పేరాలోనూ 'సివిలియన్ ఉద్యోగులు' అనే ఉంది. పోస్టులు, ప్రమోషన్ల వరకు అలా ఉండటం అర్థమవుతుంది. మెట్లు, లైట్లు, ఖాళీ చేయించే ఏర్పాట్ల దగ్గర కూడా ఎందుకు? నోటిఫికేషన్‌లో మినహాయింపు ఉన్నది 20, 34 సెక్షన్లకే. భవనాలు అందరికీ అందుబాటులో ఉండాలనే సెక్షన్లకు ఏ మినహాయింపూ లేదు. ఇదే రాసి, ఆ పేరాల్లో 'సిబ్బంది అందరూ' అని మార్చమని అడిగాను. లీగల్ సెల్ అభ్యంతరం పెట్టలేదు. పాలసీ అలాగే బయటికొచ్చింది, నోటీసు బోర్డు మీద ఒకటి, నా మిషన్‌లో టెక్స్ట్ ఫైలుగా ఒకటి. ఆ పాలసీ ప్రకారమే, హవల్దార్ కోసం మెట్లకు రెండోవైపు కూడా రెయిలింగ్ కావాలని ఎంఈఎస్‌కి ఉత్తరం వెళ్లింది. ఆ ఉత్తరం టైపు చేసింది నేనే.